ప్రేమల శోధన, మోసం: మన సంఘం పిల్లలు ఎట్ల గుర్తుపట్టాలె, ఏమేం చేయాలె

హన్మకొండ, వరంగల్, కాజీపేటల రూములల్ల, హాస్టళ్లల్ల ఉండి చదువుకునే, జాబ్ చేసుకునే మన క్రైస్తవ పిల్లల కోసం ఇది రాస్తున్న. పరకాల, నర్సంపేట, ములుగు దిక్కు నుంచి వచ్చి నయీంనగర్‌లనో కిషన్‌పురలనో రూము తీస్కున్నంక ఇగ అడిగేటోళ్లు ఎవరుంటరు, ఆదివారం చర్చికి పోయినవా బిడ్డా అని అమ్మ ఫోన్‌ల అడుగుతది, పోయిన అంటం, అయిపోయింది. ప్రేమించుడు పాపం అని మాత్రం నేను చెప్తలేను. యాకోబు రాహేలు కోసం ఏడేండ్లు చాకిరి చేసిండు, ఆమె మీది ప్రేమకు ఆ ఏడేండ్లు కొన్ని దినాలే అనిపించినయట, ఆదికాండం 29ల ఉంటది. అదే అధ్యాయంల మామ లాబాను పెండ్లి రాత్రి పిల్లనే మార్చి మోసం చేసింది కూడ ఉంటది. బైబిల్ ఈ రెండిట్ల దేన్నీ దాచిపెట్టలేదు, మనమెందుకు దాచాలె.

ముందుగాల కాగితం మీద రాసుకో

శోధన వచ్చిన టైంల ఆలోచిస్త అనుకుంటే అప్పటికి బుర్ర పనిచేయదు, అందుకే ఎవరూ లేని టైంల, మనసు నిమ్మళంగ ఉన్నప్పుడే ఏం చేయనో రాసిపెట్టుకోవాలె. యోబు 31ల ఆయన తన కన్నులతోనే నిబంధన చేసుకున్న అంటడు, అంటే ముందే ఒప్పందం అయిపోయింది అన్నట్టు. నువ్వు రాసేది "పరిశుద్ధంగ ఉంట" అని పెద్దపెద్ద మాటలు రాయకు, దాంతోని ఏం కాదు. ఇట్ల రాయి: తలుపు పెట్టి ఉన్న రూముల ఇద్దరమే కూసోం. రాత్రి పదిన్నర దాటినంక చాటింగ్ లేదు. బండి మీద లక్నవరమో రామప్పో పోవాలంటే నలుగురితోనే పోతం. బట్టలు లేని ఫోటో అడిగినా పంప, అడుగ. పైసలు అప్పు ఇయ్య, తీస్కోను. పెండ్లికి ముందు శరీరం జోలికి పోం.

రాసినంక ఆ కాగితం అవతలి మనిషికి చూపెట్టు. సిగ్గు అనిపిస్తది, అయినా చూపెట్టు. నిజంగ నీ మీద ప్రేమ ఉన్నోళ్లు అది చూసి కొంచెం నవ్వొచ్చు, ఆటపట్టించొచ్చు, కానీ సరే అంటరు. "అంటే నా మీద నమ్మకం లేదా" అని మొఖం మాడ్చుకున్నరంటే నీకు చాలా సంగతులు ఫ్రీగ తెలిసినయి.

ఎవరికీ చెప్పొద్దు అన్నరా, అక్కడ ఆగు

నా లెక్క ప్రకారం మోసంల సగానికి సగం ఈ ఒక్క మాట మీదనే నడుస్తది. ఒకసారి నీ ఫోన్ నువ్వే చూసుకో, ఆయన పేరు ఏమని సేవ్ చేసినవ్? "ల్యాబ్ మేడం" అని ఉన్నదా? చాట్ ఆర్కైవ్‌ల ఉన్నదా, పొద్దుగాల లేవంగనే రాత్రి మెసేజులు డిలీట్ చేసి అప్పుడు బ్రష్ చేస్తున్నవా, చర్చిల ఇద్దరు ఒకే బెంచి దాటుకుంట పోయినా తెల్వనట్టు మొఖం తిప్పుకుంటున్నరా? ఇంట్ల చెప్పే టైం ఇంకా రాలేదు అనుడు వేరు, అది అందరికీ ఉంటది. బతుకంత దాచిపెట్టి నడిపిచ్చుడు వేరు.

ఇక్కడ రూతును చేసుకున్న బోయజు మంచి కొలత. రూతు గ్రంథం మూడో అధ్యాయంల భర్త పోయిన రూతు, నన్ను చేసుకో అని అడగనీకి రాత్రిపూట కళ్లంకు ఒక్కతే వచ్చింది, ఎవరూ చూసేటోళ్లు లేరు, ఆయన అప్పటికే తిని తాగి పండుకున్నడు. ఆ టైంల కూడ ఆయన అన్నది ఏంది, నాకంటే దగ్గరి బంధువు ఇంకొకాయన ఉన్నడు, ముందు ఆయనను అడగాలె అని. తెల్లారకముందే ఆరు కొలతల యవలు పోసి పంపిచ్చిండు, అదే దినం ఊరి గవిని కాడికి పోయి పదిమంది పెద్దమనుషులను కూసోబెట్టి అందరి ముంగట మాట్లాడిండు. రూతు అత్త నయోమి ముందే చెప్పింది, ఈ పని ఇయ్యాల తేల్చుకునేదాక ఆ మనిషి ఊకోడు అని. మనసున్నోడు దినం ఆగలేదు, ఇక్కడ మనోడు ఏమో మూడేండ్ల నుంచి "అక్క పెండ్లి కానీ, జాబ్ రానీ, గ్రూప్స్ రిజల్ట్ రానీ" అంటున్నడు. జాబ్ లేదు అనుడు నిజమే కావొచ్చు, కాదంటలేను. కానీ జాబ్ లేకున్నా ఒక అన్నకో, పాస్టరమ్మకో, మేనత్తకో చెప్పొచ్చు గదా, దానికి రిజల్ట్ ఎందుకు.

చేయాల్సింది ఇంతే: "ఈ నెలల మన గురించి ఒక పెద్దమనిషికి చెప్దాం, నువ్వు ఒకరిని చెప్పు, నేను ఒకరిని చెప్త" అని అడుగు. డేటు పెట్టు. ఆ డేటు ఎన్నిసార్లు జరుగుతదో చూడు.

"దేవుడు నాకు చూపెట్టిండు, నువ్వే నా భార్యవు"

ఇది బయట ఉండదు, మన సంఘాలల్లనే ఉంటది, అందుకే దీని మీద జర ఎక్కువ చెప్తున్న. యూత్ మీటింగ్ అయిపోయినంక, ఉపవాస ప్రార్థన అయిపోయినంక ఒకాయన వస్తడు, గిటార్ వాయించేటోడో, వాక్యం బాగ చెప్పేటోడో, "సిస్టర్, మూడు దినాలు ప్రార్థన చేసిన, దేవుడు నీ మొఖం చూపెట్టిండు" అంటడు. పాపం ఆ పిల్ల ఏమనాలె? కాదంటే దేవుని మాట కాదన్నట్టు అయితది. ఇట్ల ఇష్టం లేకున్నా భయానికి ఒప్పుకున్న పిల్లలు ఉన్నరు. ఒక్కో దగ్గర అమ్మాయిలు కూడ ఇదే మాట చెప్పి అబ్బాయిలను ఇరికిస్తరు, కాకపోతే తక్కువ.

దీనికి జవాబు బైబిల్‌లనే ఉన్నది. మరియకు దూత వచ్చి చెప్పింది లూకా మొదటి అధ్యాయంల చదువుతం, మరి యోసేపు సంగతి? మరియ చెప్తే నమ్మాలె అని దేవుడు ఆయనను వదిలేయలేదు, యోసేపుకు కూడ కలల విడిగ దూతను పంపిచ్చిండు, మత్తయి మొదటి అధ్యాయం. ఇద్దరి బతుకు సంగతి కాబట్టి ఇద్దరికీ చెప్పిండు. ఇంకోటి, ఆదికాండం 24ల అబ్రాహాము సేవకుడు యజమాని కొడుకు ఇస్సాకుకు పిల్లను వెతుక్కుంట పోయి బావి కాడ ప్రార్థన చేసిండు, అడిగిన గుర్తు అడిగినట్టే రిబ్కా అనే పిల్లల కనబడ్డది, ఆమె అన్న లాబాను, తండ్రి బెతూయేలు ఇది దేవుని వల్లనే అయ్యింది అని ఒప్పుకున్నరు. అంత అయినంక కూడ రిబ్కాను పిలిచి "ఈ మనిషితోని పోతవా" అని అడిగిన్రు, ఆమె "పోత" అన్నది. గుర్తు కనబడ్డా పిల్లను అడిగిన్రు. నిన్ను అడగకుండ నీ మీద ప్రవచనం చెప్పేటోడు అబ్రాహాము సేవకుని కంటే పెద్దోడా?

కాబట్టి ఎవరైనా ఇట్ల అంటే నువ్వు లొల్లి పెట్టాల్సిన పని లేదు, నిమ్మళంగ ఒక్కటే మాట చెప్పు: "మంచిది బ్రదర్, దేవుడు నాతోని కూడ చెప్పినప్పుడు నేను చెప్త." ప్రతి ఆత్మను నమ్మొద్దు, పరీక్షించున్రి అని 1 యోహాను 4:1 చెప్తున్నది, అడుగుడు అవిశ్వాసం కాదు. మళ్లమళ్ల వెంటపడితే మీ పాస్టరమ్మకు చెప్పు. చెప్తున్నది పాస్టరే అయితే? అది కూడ జరుగుతది, దాచుకోకు, కౌన్సెలింగ్ అని తలుపు పెట్టిన రూముకు పిలిస్తే ఒక్కదానివి పోకు, సంఘ పెద్దలకు చెప్పు, వాళ్లు కప్పిపెట్టాలని చూస్తే ఇంట్లోళ్లకు, అక్కడ కూడ కాకపోతే పోలీసులకు.

దీనికి తోక లెక్క ఇంకోటి ఉన్నది, "నీ కోసం బాప్తిస్మం తీస్కుంట" అనేది. తీస్కోనీ, సంతోషమే. కానీ ఆరు నెలలు నువ్వు లేని సంఘంల, నువ్వు రాని ఆరాధనల కూసోమను. నీకోసం వచ్చినోడు నువ్వు లేని దగ్గరికి రాడు.

రెండోసారి జరిగిందా చూడు

సమ్సోను కథ మనకు సండే స్కూల్ల జుట్టు కథ లెక్క చెప్పిన్రు. న్యాయాధిపతులు 16 మళ్ల ఒకసారి పెద్దైనంక చదువు, భయం అయితది. ఫిలిష్తీయుల సర్దారులు ఒక్కొక్కరు 1100 వెండి నాణేలు ఇస్తమని సమ్సోను ప్రేమించిన దెలీలాకు ఆశపెట్టిన్రు. ఆమె నీ బలం దేంట్ల ఉన్నదో చెప్పు, నిన్ను దేంతోని కట్టేయొచ్చు అని సూటిగనే అడిగింది, ఏం దాచలేదు! ఈయన పచ్చి నారలు అన్నడు, కట్టింది, "ఫిలిష్తీయులు వచ్చిన్రు" అన్నది, లోపలి రూముల మనుషులు దాగి ఉన్నరు. తర్వాత కొత్త తాళ్లు అన్నడు, వాటితోనే కట్టింది. తర్వాత జడలు మగ్గంల నేయాలన్నడు, నేసింది. ఈయన చెప్పింది చెప్పినట్టు ఆమె ఆయన మీదనే చేస్తున్నది, అయినా మళ్ల అదే ఒడిల పండుకున్నడు. నాలుగోసారి బలం జుట్టుల ఉన్నదని నిజం చెప్పిండు, జుట్టు గొరిగిచ్చి పట్టిచ్చింది. ఎందుకు చెప్పిండు అంటే, ప్రేమ ఉంటే చెప్తుంటివి అని దినాం సతాయిస్తే పానం విసిగి చెప్పిండు.

నీకు చేయాల్సిన పని, ఒక అబద్ధం దొరికినప్పుడు నోట్స్‌ల రాసుకో, డేటుతోని. ఇంటికి పోయిన అన్న దినం భద్రకాళి బండ్ మీద ఎవరితోనో కనబడ్డడు, సరే, ఒక్కసారికి కారణం ఉండొచ్చు, అడుగు, విను. రెండోసారి మళ్ల అట్లనే దొరికితే ఇగ కారణం వినకు, ఎందుకంటే కారణాలు చెప్పుడు వాళ్లకు వచ్చు. "ప్రేమ ఉంటే..." అని మొదలయ్యే ప్రతి మాట దగ్గర కూడ ఆగు. ప్రేమ ఉంటే ఫోన్ లాక్ చెప్పు, ప్రేమ ఉంటే ఓటీపీ చెప్పు, ప్రేమ ఉంటే రూముకు రా, ప్రేమ ఉంటే నీ పేరు మీద బండి ఈఎంఐ తీయ్. దెలీలా వాడింది అచ్చం ఇదే వాక్యం.

వివరాలు తెలుసుకో, సిగ్గుపడకు

ఊరు ఏంది, అమ్మానాయిన ఎవరు, ఇంతకుముందు పెండ్లి అయ్యిందా, జాబ్ ఉన్నదా లేదా. వాళ్ల ఊళ్లె చర్చి ఉంటది గదా, ఆ పాస్టర్‌కు మీ పాస్టర్‌తోని ఫోన్ చేయించు, ఐదు నిమిషాల పని. మన సంఘాలల్ల చాలా దగ్గర పెండ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతరు, ఈ పెండ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పున్రి అని, అదేదో ఆచారం అనుకుంటం గానీ అది పెట్టిందే దొంగ పెండ్లిండ్లు ఆపడానికి. ఆన్‌లైన్‌ల దొరికిన సంబంధం అయితే వీడియో కాల్‌ల మాట్లాడకముందు, ఇంట్లోళ్లు కలవకముందు ఒక్క రూపాయి పంపకు. విదేశంల డాక్టర్‌ను, నీకు గిఫ్ట్ పంపిన, కస్టమ్స్‌ల ఆగింది, పైసలు కట్టు అన్నడంటే ఆడ డాక్టరూ లేడు గిఫ్టూ లేదు. పైసలు పోతే గంటలు లేట్ చేయకుండ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలె, ఎంత తొందరగ చేస్తే పైసలు ఆగే ఛాన్స్ అంత ఎక్కువ.

సలహా ఎవరిని అడుగుతున్నవ్?

2 సమూయేలు 13ల దావీదు రాజు కొడుకు అమ్నోనుకు యోనాదాబు అనే దోస్తు ఉన్నడు, మస్తు తెలివైనోడు అని రాసి ఉన్నది. జరం వచ్చినట్టు పండుకో, మీ చెల్లె (సవతి తల్లి బిడ్డ) తామారు వచ్చి వండి పెట్టాలని మీ నాయినను అడుగు అని ఐడియా ఇచ్చింది వాడే. తామారు వద్దన్నది, బతిమిలాడింది, రాజును అడుగు అని దారి కూడ చూపెట్టింది, వాడు వినలేదు, బలవంతం చేసిండు. అయిపోయినంక అంతకుముందున్న ప్రేమ కంటే ద్వేషం ఎక్కువైంది, లేచి పో అన్నడు, నౌకరును పిలిచి తలుపు గడియ పెట్టిచ్చిండు. ఇందుల తామారు తప్పు ఇసుమంత లేదు, ఇది ఎవరు ఇంకోతీరుగ చెప్పినా నమ్మకు.

మీ గ్యాంగుల రూము తాళం చెవి ఇచ్చేటోడు, "ఏం కాదురా" అనేటోడు ఉంటడు. వాడే మీ యోనాదాబు. వాడు చెడ్డోడు కావాలని లేదు, బిర్యానీ తినేకాడ మంచిగనే ఉంటడు, ఈ ఒక్క విషయంల మాత్రం వాని మాట వినకు. దీనికి పెండ్లయి పది పదిహేనేండ్లు అయిన ఒక జంటను ఎంచుకో, నెలకు ఒకసారి వాళ్ల ఇంట్ల అన్నం తిను, వాళ్లే అడుగుతరు.

ఆ నిమిషం వచ్చిందంటే

వాక్యాలు గుర్తుచేసుకుంట కూసోకు, లేచి పో. విచిత్రం ఏందంటే, అపవాదిని ఎదిరించున్రి అని యాకోబు పత్రిక చెప్తది గానీ, జారత్వం దగ్గరికొస్తే పౌలు ఎదిరించు అనలేదు, "పారిపోవుడి" అన్నడు, 1 కొరింథీ 6:18. తిమోతికి రాసినప్పుడు కూడ యౌవనేచ్ఛల నుంచి పారిపో అన్నడు. ఆదికాండం 39ల యాకోబు కొడుకు యోసేపును (మరియ భర్త కాదు) యజమాని పోతీఫరు భార్య దినదినం అడిగింది, యోసేపు ఆమె దగ్గర ఉండకుండ తప్పించుకున్నడు, ఒక దినం ఇంట్ల ఎవరూ లేనప్పుడు బట్ట పట్టుకుంటే బట్ట వదిలేసి బయటికి ఉరికిండు.

కాబట్టి బ్యాగు ఆడనే ఉన్నదా, ఉండనీ. చెప్పులు ఏసుకోకున్నా మెట్లు దిగు. ఆటో మాట్లాడుకో, ఫోన్ చేసి ఒకరిని రమ్మను. దీనికి ముందే ఒక దోస్తుతోని మాట అనుకోవాలె, "తాళం చెవి మర్చిపోయిన" అని మెసేజ్ వస్తే వెంటనే ఫోన్ చేయమని. ఒక్కదానివే రూముల ఉండి ఫోన్‌ల శోధన అయితే ఫోన్ హాల్‌ల ఛార్జింగ్ పెట్టి పండుకో, అదే పారిపోవుడు.

ఉరికినంక అంత మంచిగ అయితది అని నేను చెప్ప. యోసేపు జైలుకు పోయిండు. ఆయన వదిలేసిన బట్టనే ఆయన మీద సాక్ష్యం అయ్యింది. కాలేజ్‌ల నీ మీద కథలు పుట్టిస్తరు, "నువ్వే వెంటపడ్డవ్" అంటరు. యోసేపు దగ్గర స్క్రీన్‌షాట్ లేదు, నీ దగ్గర ఉన్నది, దాచిపెట్టు.

తెంపుకోవాల్సి వస్తే

మెసేజ్ చిన్నగ రాయి. "ఇగ మన మధ్య ఇది వద్దు. నేను ఆలోచించుకునే చెప్తున్న. ఫోన్ చేయకు." కారణాలు పదిహేను రాస్తే పదిహేనిటికీ జవాబులు వస్తయి. "చివరిసారి ఒక్కసారి కలుద్దాం" అంటరు, పోవద్దు, పోవాల్సిందే అంటే చర్చి ఆవరణల, పక్కన మనిషి ఉండంగ. చచ్చిపోత అని బెదిరిస్తే నువ్వు పోకు, వాళ్ల ఇంట్లోళ్లకు, రూంమేటుకు వెంటనే ఫోన్ చేసి చెప్పు, పోలీసుల ఎమర్జెన్సీ నంబర్ 112కు చెప్పు. ఆ పానం కాపాడాలంటే నీకంటే దగ్గర ఉన్నోళ్లే కాపాడగలరు.

ఫోటోలు పెడత అని బెదిరిస్తే పైసలు ఇయ్యకు, ఇంకో ఫోటో పంపకు, ఒకసారి ఇస్తే మళ్లమళ్ల అడుగుతరు. మెసేజులు డిలీట్ చేయకుండ ఆడోళ్ల రక్షణ కోసం ఉండే పోలీసు షీ టీమ్స్ దగ్గరికి పో, మన కమిషనరేట్‌ల కూడ ఉన్నయి, సైబర్ క్రైమ్ పోర్టల్‌ల కూడ కంప్లైంట్ పెట్టొచ్చు. ఆడపిల్లలకు 181 హెల్ప్‌లైన్ ఉన్నది. పెండ్లి చేసుకునే ఉద్దేశమే లేకుండ చేసుకుంట అని ఆడపిల్లను నమ్మించి శరీర సంబంధం పెట్టుకున్నోళ్లకు 2024 జులై 1 నుంచి అమల్లకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 69 సెక్షన్ కింద 10 ఏండ్ల దాక జైలు పడొచ్చు. నిజంగనే చేసుకుందాం అనుకుని తర్వాత కుదరక విడిపోయిన కేసు వేరు, ఆ తేడా వకీలును అడిగి తెలుసుకో. 18 నిండని పిల్ల అయితే ఆమె ఒప్పుకున్నదా లేదా అనేది చట్టం లెక్కలకే రాదు, అది పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం.

అప్పటికే అయిపోయి ఉంటే

ఇక్కడ మన పెద్దమనుషులతోని నాకు పంచాయితి ఉన్నది. పిల్ల మోసపోయింది అని తెల్వంగనే "ఎట్లనన్న చేసి వానికే ఇచ్చి చేయాలె, పరువు పోతది" అంటరు. నిర్గమకాండం 22ల పెండ్లి కాని పిల్లను మభ్యపెట్టి పాడుచేసినోడు ఓలి (పిల్ల తండ్రికి ఇచ్చే పైసలు) ఇచ్చి చేసుకోవాలె అని ఉన్నది, ఆ వాక్యం చెప్తరు, దాని కింద 17వ వచనం చదవరు. తండ్రి ఇయ్య అంటే ఇయ్యకపోవచ్చు, వాడు ఓలి పైసలు కట్టి పోవాలె. అప్పటి ధర్మశాస్త్రంలనే కాదనే దారి ఉంటే ఇయ్యాల మనం మోసగాని చేతుల పిల్లను పెట్టి ప్రార్థన చేసుడు ఏంది?

క్షమాపణ కోసం నువ్వు వాన్ని చేసుకోవాల్సిన పని లేదు. దావీదు ఇంకొకాయన భార్య బత్షెబ విషయంల చేసిన దానికి 51వ కీర్తన రాసిండు, దేవుడు ఆయనను తోసేయలేదు, నిన్నెందుకు తోసేస్తడు. నీ తప్పు ఎంత ఉన్నదో అంతకు ఒప్పుకో, వాళ్లు చేసిన మోసాన్ని నీ లెక్కల రాసుకోకు. డాక్టర్‌కు చూపించుకోవాల్సి ఉంటే ఈ వారమే పో, నమ్మకమున్న అక్కను తోలుకొని పో. సంఘంల చూపులు కొన్నాళ్లు ఉంటయి, ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం తీస్కునుడుకు) ఎప్పుడు పోవాలె అనేది మీ పాస్టర్‌తోని మాట్లాడుకో, కానీ ఆదివారం ఆరాధన మానకు, ఆ సంఘంల మాటలు పడలేకపోతే ఇంకో సంఘానికి పో, హన్మకొండల చర్చీలకు కరువు లేదు.

కొత్త సంబంధం సంగతి ఒక ఏడాది ఎత్తకు. ఇంట్లోళ్లు తొందరపెడితే ఆ జంటనే, నెలకోసారి అన్నం పెట్టేటోళ్లను, మీ అమ్మతోని మాట్లాడమను.